కణాలు చనిపోతాయా, రాలిపోతాయా?

సందేహం: పదో తరగతి పిల్లలకు ఒక పాఠం రాస్తున్నాను. వైరల్ జ్వరం తగ్గాక, దానితో పోరాడిన తెల్లరక్తకణాల్లో ఎక్కువ భాగం నశిస్తాయి కదా! 'ఆత్మహత్య చేసుకుంటాయి' అనాలా, 'చంపబడతాయి' అనాలా? శీర్షికకు 'కణచావు' సరిపోతుందా?
– జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: శీర్షిక సంగతి ముందు తేల్చేద్దాం. 'కణం' తత్సమం, 'చావు' అచ్చతెలుగు. ఈ రెంటినీ ఇలా జతచేస్తే వైరి సమాసమని వైయాకరణులు తప్పుపడతారు. 'కణమరణం' అనండి, లేదా 'కణాల చావు' అని విడదీయండి.

అసలు చిక్కు క్రియ దగ్గర ఉంది. 'చంపబడు' తప్పు కాదు గాని తెలుగువాళ్ల నోట సహజంగా రాదు. పైగా చంపిందెవరన్న ప్రశ్న లేవదీస్తుంది. 'ఆత్మహత్య' నాకు అంతకన్నా నచ్చదు. అందులో నిస్పృహ ఉంది, సొంత నిర్ణయం ఉంది. కణానికి ఆ రెండూ ఎక్కడివి? వైరస్‌ను గుర్తించిన టి కణాలు (తెల్లరక్తకణాల్లో ఒక రకం) జ్వరం రోజుల్లో వేల రెట్లు పెరుగుతాయి. పని ముగిశాక కొద్ది వారాల్లో 90 నుంచి 95 శాతం పోతాయి. మిగిలినవి జ్ఞాపక కణాలుగా నిలుస్తాయి. బతికించే ఇంటర్‌ల్యూకిన్ (కణాల మధ్య కబురు మోసే ప్రోటీన్) సంకేతాలు సన్నగిల్లేసరికి, కణాన్ని మరణం వైపు నెట్టే బిమ్ అనే ప్రోటీన్‌ది లోపల పైచేయి అవుతుంది. కణం ముక్కలవుతుంది, ఆ ముక్కలను భక్షక కణాలు మింగేస్తాయి, వాపు రాదు. కొన్నిటికి కణం పైనున్న ఫాస్ అనే గ్రాహకం ద్వారా బయటినుంచే ఆజ్ఞ అందుతుంది. ఫాస్ జన్యువు చెడినవారిలో ఈ కణాలు పోకుండా పేరుకుని లింఫు గ్రంథులు, ప్లీహం ఉబ్బుతాయి.

ఈ రెండు తీరులకూ సరిపోయే జంట క్రియలు మనకున్నాయి: రాలు, రాల్చు. సంకేతం అందక పోయేవి 'రాలిపోతాయి'. ఆజ్ఞ పంపినప్పుడు శరీరం వాటిని 'రాలుస్తుంది'. 'ఆకురాల్చే అడవులు' మీ పిల్లలు చదివినవే, పల్నాటి అంచున నల్లమల అటువంటిదే. చెట్టు ఆకులను చంపిందని అనం, ఆకులు ఆత్మహత్య చేసుకున్నాయనీ అనం. 1972లో ఈ ప్రక్రియకు 'అపోప్టోసిస్' అని పేరు పెట్టినప్పుడు ఆ మాటను సూచించింది అబర్డీన్ విశ్వవిద్యాలయంలో గ్రీకు ఆచార్యుడైన జేమ్స్ కార్మాక్. గ్రీకులో ఆకులు, పూరేకులు రాలడాన్నే అలా అంటారు. శాస్త్రజ్ఞులు భాషవాళ్లను అడిగి పేరు పెట్టిన అరుదైన సందర్భమిది!

అయితే టి కణం వైరస్ సోకిన కణం మీద దాడి చేసే చోట మాత్రం మొహమాటపడకండి. అక్కడ 'చంపుతుంది' అనే రాయండి.