పాత పెద్ద ఫ్రీజరా, కొత్త చిన్నదా? రెండూ కొన్నాక నాకు తెలిసింది

నలుగురున్న ఇంటికి పదిహేను వేల లోపు డీప్ ఫ్రీజర్ కావాలని, మూసేస్తున్న ఐస్‌క్రీమ్ దుకాణంలో 300 లీటర్ల పాతది పదివేలకు ఇస్తామంటున్నారని, అది తీసుకోవాలా లేక కొత్తదే చిన్నది తీసుకోవాలా అని మీరు అడిగారు. నేను ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి కొన్నవాణ్ణి కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: పాతదాని జోలికి వెళ్ళకండి. ఫ్రీజరుకు మీరు కట్టే ధర దుకాణంలో సగమే తెలుస్తుంది, మిగతా సగం కరెంటు బిల్లులో తెలుస్తుంది.

2019లో నేను హైదరాబాదు మౌలాలీలోని మా ఇంటికి అచ్చం మీరు చెప్పినటువంటి అద్దపు మూత ఫ్రీజర్‌ను తొమ్మిది వేలకు తెచ్చాను. ఆదివారం రాంనగర్ మార్కెట్లో కొన్న కొరమీను, వేసవిలో నాలుగు రోజులు మాత్రమే చవకగా దొరికే చింతచిగురు, చలికాలపు పచ్చి బఠాణీ అన్నీ దాచుకోవచ్చని మా అమ్మ ఎంతో సంబరపడింది. తీరా చూస్తే పెట్టెలో మూడో వంతు కూడా నిండలేదు. ప్లగ్గుకు తగిలించే చిన్న మీటరు తెచ్చి వారం రోజులు చూస్తే రోజుకు మూడు యూనిట్లు తింటోందని తేలింది. అద్దపు మూత సరుకు కనబడాలని దుకాణాల కోసం చేసినది, వేడిని ఆపడంలో అది దళసరి మూతకు సాటి రాదు. దానికి తోడు మూత చుట్టూ ఉండే రబ్బరు గట్టిపడిపోయి ఒక మూల గాలి లోపలికి వెళుతుండేది, ఆ మూలనే వేలెడు మందాన మంచు పేరుకునేది. రెండో వేసవిలో కంప్రెసర్ ఆగిపోయింది. మెకానిక్ చెప్పిన ఖర్చు వింటే దాన్ని పాత సామాన్లకు వేయడమే నయమనిపించింది.

ఆ ఏడాది డిసెంబరులో కొన్న వంద లీటర్ల పైచిలుకు కొత్త ఫ్రీజర్, దళసరి మూతది, పదమూడున్నర వేలు అయింది. అదే మీటరు పెట్టి చూస్తే చలికాలంలో రోజుకు ముప్పావు యూనిట్, మే నెలలో ఒకటింబావు యూనిట్ దాకా తీసుకుంటోంది. అంటే పాతదానితో పోలిస్తే నెలకు దాదాపు 60 యూనిట్లు మిగులు. మా బిల్లు 200 యూనిట్లు దాటేది కాబట్టి ఆపైన వాడే యూనిట్‌కు ఇప్పటి రేటు 7 రూపాయల 70 పైసల చొప్పున నెలకు 460 రూపాయలు, ఏడాదికి ఐదున్నర వేలు. నేను పాతదాని మీద మిగుల్చుకున్నాననుకున్న నాలుగున్నర వేలు పది నెలల్లోనే తిరిగి వెళ్ళిపోయాయన్నమాట.

హైదరాబాదులో ఉన్నవాళ్ళు ఇక్కడ ఇంకో లెక్క తప్పక వేసుకోవాలి. మీకు గృహజ్యోతి (నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన ఇళ్ళకు ఉచిత కరెంటు ఇచ్చే తెలంగాణ పథకం) కింద సున్నా బిల్లు వస్తుంటే, ఇప్పుడు నెలకు ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో పాత బిల్లులు తీసి చూడండి. 160 దగ్గర ఉంటే చిన్న ఫ్రీజరు తెచ్చే 30, 35 యూనిట్లతో అంచు మీద నిలబడతారు, పెద్ద పాతదైతే 200 దాటిపోవడం ఖాయం. దాటిన నెలలో అదనపు యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచి కట్టాలి, పైగా 200 దాటిన ఇంటికి ఆ మొదటి 200 యూనిట్ల రేటే 5 రూపాయల 10 పైసలు. కాబట్టి పదిహేను యూనిట్లు ఎక్కువ కాలినందుకు వెయ్యి రూపాయలకు పైగా బిల్లు చేతికి వస్తుంది.

ఇక రకం సంగతి. పైకి మూత తెరుచుకునే పెట్టె రకమే మీ బడ్జెట్‌కు సరిపోతుంది. చల్లటి గాలి బరువైనది కనుక మూత ఎత్తినా అది పెట్టెలోనే ఉండిపోతుంది, బీరువాలా నిలబడి ఉండే రకంలో తలుపు తీయగానే పాదాల మీదికి జారిపోతుంది. నిలువు రకంలో అరలుంటాయి, వస్తువు వెంటనే దొరుకుతుంది, ఆ సుఖం నిజమే కానీ ధర ఎక్కువ. పెట్టె రకంలో అడుగున పడ్డది సంక్రాంతికి పెట్టిన బఠాణీయా, ఉగాదికి పెట్టినదా తెలియదు, అందుకని మేము ఒక్కో సరుకుకు ఒక్కో రంగు గుడ్డ సంచి పెట్టుకున్నాం. 'కన్వర్టిబుల్' అని రాసి ఉంటే అదే పెట్టెను ఫ్రీజరుగానో, కూలరుగానో మార్చుకోవచ్చని అర్థం. ఒకే అర ఉన్న దానిలో రెండూ ఒకేసారి కుదరవు, దుకాణాల్లో ఈ మాట స్పష్టంగా చెప్పరు.

సైజు విషయంలో అందరూ పెద్దదానికే మొగ్గుతారు, నేనూ మొగ్గాను. లీటరుకు అర కిలో చొప్పున లెక్కేసుకుంటే వంద లీటర్లలో నలభై, యాభై కిలోలు పడతాయి. నలుగురికి నెలకు సరిపడా చేపలు, మాంసం, ఏడాదికి బఠాణీ పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. బక్రీద్‌కు ఒకేసారి మాంసం దాచే ఇల్లైతేనో, ఇంటి నుంచి ఏదైనా వ్యాపారం చేస్తుంటేనో 200 లీటర్ల గురించి ఆలోచించవచ్చు. దాచేది ఇడ్లీ పిండి, గుప్పెడు బఠాణీ మాత్రమే అయితే డబుల్ డోర్ ఫ్రిజ్ పై అరే చాలు, ఈ ఖర్చే అనవసరం.

దుకాణంలో రంగు, చక్రాలు, తాళం చూసే ముందు వెనక అతికించిన పట్టీ చదవండి. అందులో వాతావరణ తరగతి అని ఒక అక్షరం ఉంటుంది. 'టి' అంటే బయట 43 డిగ్రీల వరకు పనిచేసేలా చేసినదని, 'ఎన్' అంటే 32 డిగ్రీల వరకేనని అర్థం. మన ఏప్రిల్, మే నెలలకు 'టి' తప్ప వేరేది పనికిరాదు. 24 గంటల్లో ఎన్ని కిలోలు గడ్డకట్టించగలదో కూడా అక్కడే ఉంటుంది, చిన్న పెట్టెల్లో ఆ అంకె నాలుగైదు కిలోలే ఉండవచ్చు. పది కిలోల చేపలు ఒకేసారి వేస్తే పాత సరుకు కూడా మెత్తబడుతుంది. లోపల మైనస్ 18 డిగ్రీలు నిలవాలి. మూతకూ అంచుకూ మధ్య పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి, నాలుగు వైపులా బిగువుగా పట్టుకోవాలి. సేల్స్‌మన్ నవ్వినా ఫరవాలేదు.

ఇంటికి వచ్చాక గోడకు జానెడు దూరంలో, ఎండ పడని చోట పెట్టండి. ఈ రకం ఫ్రీజర్లలో వేడి బయటికి పోయే గొట్టాలు చాలావరకు పక్క రేకుల లోపలే ఉంటాయి, కనుక పక్కలు వేడిగా తగిలితే కంగారుపడి కంప్లయింట్ ఇవ్వనక్కరలేదు, నేను ఇచ్చి నవ్వులపాలయ్యాను. కరెంటు పోయి వెంటనే వస్తే కంప్రెసర్ మీద భారం పడుతుంది. మూడు నిమిషాలు ఆగి కరెంటు వదిలే స్టెబిలైజర్‌కు రెండు వేలు మీ బడ్జెట్‌లో ముందే పక్కన పెట్టుకోండి. మంచును కత్తితోనో, అట్లకాడతోనో గీకకండి. స్విచ్ ఆపి, మూత తెరిచి, అడుగున ఉన్న బిరడా తీస్తే నీళ్ళు వాటంతట అవే పోతాయి.

నిండుగా ఉన్న ఫ్రీజరు మూత తెరవకుండా ఉంటే రెండు రోజులు, సగమే నిండినదైతే ఒక రోజు చల్లదనం నిలుపుకుంటుందని చెబుతారు. మన ఎండల్లో అంతకన్నా తక్కువే అనుకోండి. ఖాళీ చోట్లో నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సీసాలు పెడితే కొంత ఆసరా, సీసా మెడ దాకా మాత్రం నింపకండి, పగులుతుంది. ఊరెళ్ళేటప్పుడు గిన్నెలో నీళ్ళు గడ్డకట్టించి దాని మీద రూపాయి బిళ్ళ ఒకటి పెట్టి వెళ్ళండి. పోయిన మే నెలలో మేము నాలుగు రోజులకు తిరిగొచ్చి మూత తీస్తే అంతా రాయిలా గట్టిగానే ఉంది, బిళ్ళ మాత్రం గిన్నె అడుగున ఉంది. మధ్యలో కరగి మళ్ళీ గడ్డకట్టిందన్నమాట. రెండు కిలోల మాంసం, చేపలన్నీ ఆ పూటే పారేశాం.