బండి ప్రశ్నలు: అంబాసిడర్ టైమింగ్ చైన్ ఇంటి దగ్గర మార్చుకోవచ్చా?

ప్రశ్న: సారూ, మా నాన్నగారు కొన్న అంబాసిడర్ ఇంకా మా దగ్గరే ఉంది. పెట్రోలు బండి, 1500 ఇంజన్. కొన్ని నెలలుగా ఫ్యాను వెనక భాగంలో గలగలమని చప్పుడు వస్తోంది. స్టార్ట్ చేయగానే ఎక్కువ, యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంకా ఎక్కువ. శ్రీశైలం వెళ్తుంటే మన్ననూరు దాటాక ఘాటు రోడ్డులో మునుపటి లాగుడు లేదు. ఇక్కడి మెకానిక్ ‘టైమింగ్ చైన్ పోయింది, ఇంజన్ దించాలి’ అంటున్నారు. బోరు మోటార్లు విప్పి బిగించే అలవాటు నాకుంది. పానాలూ ఉన్నాయి. నేనే చేసుకోగలనా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: చేసుకోగలరు. టైమింగ్ చైన్ అంటే క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) నుంచి కామ్‌షాఫ్టును (వాల్వులు తెరిచే ఇరుసు) తిప్పే గొలుసు. ఇంజన్ దించనక్కరలేదు. రేడియేటర్ తీస్తే చాలు, పనంతా ముందు నుంచే అవుతుంది. అయితే పానా పట్టే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి.

మొదటిది, మీ ఇంజన్ ఏది? 1500 అని పిలిచే 1489 సీసీ ఇంజన్ ఇంగ్లండులో బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్లు రూపొందించిన పాత రకం. కామ్‌షాఫ్టు కింద బ్లాకులో ఉంటుంది, పుష్‌రాడ్లు వాల్వులను ఎత్తుతాయి. నేను చెప్పేదంతా దీనికే. తర్వాతి కాలపు 1800 ఇసుజు ఇంజన్ అయితే ఈ జవాబును పక్కన పెట్టండి, అది వేరే కథ.

రెండోది, ఆ చప్పుడు నిజంగా గొలుసుదేనా? ఫ్యాను వెనక చప్పుడు రాగానే అందరూ గొలుసు మీదే నేరం మోపుతారు. అక్కడే వాటర్ పంపు బేరింగు ఉంది, డైనమో బేరింగు ఉంది, వదులైన పుల్లీ ఉంది. చల్లటి ఇంజన్ మీద ఫ్యాను బెల్టు తీసేసి ఒక్క నిమిషం నడపండి, అంతకు మించి వద్దు. చప్పుడు ఆగిపోతే గొలుసు నిర్దోషి. పంపో డైనమోనో చూసుకోండి, అది చాలా చవక పని. చప్పుడు అలాగే ఉంటే బెల్టు మళ్లీ వేసి, ఇంజన్ నడుస్తుండగా పొడవాటి స్క్రూడ్రైవర్ మొన గొలుసును మూసి ఉంచే టైమింగ్ కవర్ మీద ఆనించి పిడి చెవికి పెట్టుకోండి. ఫ్యానుకు దూరంగా ఉండండి, భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టండి.

ఇంకో పరీక్ష ఉంది, నాకు అన్నిటికన్నా నమ్మకమైనది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీయండి. స్టార్టింగ్ హ్యాండిల్‌తో క్రాంకును సవ్యదిశలో కొంచెం తిప్పి ఆపండి. హ్యాండిల్ వెనక్కి తిప్పితే పట్టు వదిలేస్తుంది కాబట్టి, ఇప్పుడు టాప్ గేరులో వేసి బండిని మెల్లగా వెనక్కి నెట్టిస్తూ లోపల తిరిగే రోటర్‌ను చూడండి. క్రాంకు కదిలిన వెంటనే రోటర్ కూడా కదలాలి. క్రాంకు పది డిగ్రీల దాకా తిరిగినా రోటర్ ఉలకకపోతే మధ్యలో ఉన్న గొలుసు పని అయిపోయినట్టే. డిస్ట్రిబ్యూటర్ పళ్లలో కూడా కాస్త వదులు ఉంటుంది కాబట్టి రెండు మూడు డిగ్రీలకు కంగారు పడకండి.

మీ లాగుడు తగ్గడానికీ కారణం ఇక్కడే ఉండవచ్చు. లింకు లింకుకూ ఉన్న పిన్నులు కొంచెం కొంచెం అరిగి, అన్నీ కలిసి గొలుసు పొడవవుతుంది. అప్పుడు కామ్‌షాఫ్టు క్రాంకు కంటే వెనకబడుతుంది. వాల్వులు ఆలస్యంగా తెరుచుకుంటాయి. డిస్ట్రిబ్యూటర్‌ను కూడా కామ్‌షాఫ్టే తిప్పుతుంది కాబట్టి నిప్పురవ్వ కూడా ఆలస్యమే. ఇక ఘాటు ఎక్కమంటే ఎలా ఎక్కుతుంది?

ఇప్పుడు పని. ఎండాకాలమైతే తెల్లవారగానే మొదలుపెట్టండి. ఎండ సంగతి అటుంచి, పొద్దెక్కాక లేచే గాలిదుమ్ము తెరిచిన ఇంజన్‌లో పడితే చేసిన పనంతా దండగ. వేపచెట్టు నీడ బాగుంటుంది కానీ ఆకు రాలుతుంది, పైన గుడ్డ కట్టండి. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి, బ్యాటరీ ఎర్తు తీగ తీసేయండి. నీళ్లు వదిలి, హోసు పైపులు విప్పి, రేడియేటర్ బయటికి తీయండి. ఎలాగూ తీశారు కదా, దాన్ని కడిగించుకోండి. మన నల్లగొండ జిల్లా బోరు నీళ్లలోని ఫ్లోరైడు మన ఎముకలను తింటే, అందులోని సున్నం రేడియేటర్ గొట్టాలను పూడ్చేస్తుంది. తిరిగి నింపేటప్పుడు కూలెంటు కలిపిన డిస్టిల్డ్ వాటర్ పోయండి.

నాలుగు ప్లగ్గులూ తీయండి, ఇంజన్ చేత్తో సులువుగా తిరుగుతుంది. మొదటి సిలిండర్ పిస్టన్ పైకి వచ్చి, రోటర్ మొదటి ప్లగ్గు తీగ వైపు చూసేలా పెట్టండి. హ్యాండిల్ లేని బండి అయితే రాళ్లు తీసి, టాప్ గేరులో వేసి బండిని కొద్దికొద్దిగా నెట్టినా సరిపోతుంది, తర్వాత రాళ్లు మళ్లీ పెట్టండి. డిస్ట్రిబ్యూటర్ ఒంటి మీద రోటర్ ఎటు చూస్తోందో సుద్దతో గీత పెట్టుకోండి, ఫోనుతో ఫోటో కూడా తీసుకోండి.

క్రాంకు పుల్లీ నట్టు మొండిది. ముందుగా దాని కింది లాక్ వాషర్ మడతను ఉలితో చదును చేయాలి, అది మరిచి గంటసేపు నట్టుతో కుస్తీ పట్టేవాళ్లను చూశాను. తర్వాత టాప్ గేరు వేసి, ఒకరిని గట్టిగా బ్రేకు తొక్కమని చెప్పి, బరువైన రింగు పానా పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ. మెల్లమెల్లగా లాగితే రాదు, కుదుపుకే వస్తుంది. కొందరు పానాను ఛాసిస్‌కు ఆనించి సెల్ఫు కొట్టి వదులు చేస్తారు. మీరు చేయకండి. పానా జారిందంటే మోచేయి పోతుంది.

పుల్లీని రెండు వైపులా సమానంగా లాగి తీయండి, పుల్లీ ఇరుసు మీద జారకుండా పట్టే చిన్న ఇనుప ముక్క, అదే కీ, ఎక్కడా పడిపోకుండా చూసుకోండి. కవర్ బోల్టులు రెండు సైజుల్లో ఉంటాయి. ఒక అట్టముక్క మీద కవర్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చండి. సంపు (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) విప్పే పని లేదు. కవర్ తీయగానే ఆయిల్ కిందికి దిగే దారిలో గుడ్డ కుక్కండి. ఒక్క వాషర్ అందులో పడితే, విప్పనక్కరలేదన్న సంపును విప్పక తప్పదు.

క్రాంకు మీద పళ్లెం లాంటి రేకు ఒకటి ఉంటుంది, ఆయిల్‌ను విసిరేది. అది ఏ వైపు తిరిగి ఉందో చూసుకోండి, దాని మీద ఎఫ్ అనే అక్షరం ఉంటే అది ముందుకు, అంటే మీ వైపు రావాలి. దాని వెనక రెండు పళ్లచక్రాలు, మధ్యలో గొలుసు. క్రాంకు చక్రం చిన్నది, కామ్ చక్రానికి దానికి రెండింతల పళ్లు, ఎందుకంటే క్రాంకు రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక్క చుట్టే తిరగాలి. రెండు చక్రాల మీదా చిన్న గుంట మార్కులు ఉంటాయి. అవి ఒకదానికొకటి ఎదురుగా, అతి దగ్గరగా వచ్చే వరకు ఇంజన్ తిప్పండి. అప్పుడు క్రాంకు కీ గాడి నేరుగా పైకి, కామ్ కీ గాడి గడియారంలో ఒంటిగంట ముల్లున్న చోటికి వస్తాయి. ఇక్కడ ఫోటో తీయకుండా ఒక్క నట్టు కూడా కదిలించకండి.

గొలుసును బిగువుగా పట్టే టెన్షనర్ గురించి ఎవరూ సరిగా చెప్పరు కాబట్టి కాస్త ఎక్కువగా చెబుతాను. రబ్బరు తల ఉన్న ఆయిల్ టెన్షనర్ మీ బండిలో ఉంటే, దాని కింద చిన్న ప్లగ్గు ఉంటుంది. అది విప్పి సన్నటి అలెన్ కీ పెట్టి సవ్యదిశలో అర చుట్టు నుంచి ఒక చుట్టు తిప్పితే రబ్బరు తల లోపలికి వెళ్లి నిలిచిపోతుంది. తిరిగి బిగించాక గొలుసు మీదికి వదలడానికి కూడా సవ్యదిశలోనే తిప్పాలి. లోపల ఉన్న స్ప్రింగు దాన్ని ముందుకు తోస్తుంది. అపసవ్యంగా తిప్పి బలవంతం చేస్తే విరుగుతుంది. రబ్బరు తల మీద గొలుసు లోతుగా చాళ్లు దున్ని ఉంటే టెన్షనర్ కూడా మార్చండి.

కామ్ నట్టు విప్పాక రెండు చక్రాలనూ గొలుసుతో సహా ఒకేసారి, అటు కొంచెం ఇటు కొంచెం సడలిస్తూ బయటికి లాగండి. క్రాంకు చక్రం వెనక షిమ్ములనే పల్చటి రేకులు ఉంటాయి, పారేయకండి. పాత గొలుసునూ చక్రాలనూ మూట కట్టుకుని హైదరాబాద్ బస్సెక్కండి. రాణిగంజ్‌లోనో పుత్లీబౌలిలోనో పాత సామాను పక్కన పెట్టి కొత్తది పోల్చి కొనండి. లింకులూ వరసలూ లెక్కపెట్టండి. గొలుసు ఒక్కటే కొంటానని బేరమాడకండి. పాత చక్రాల పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే కొత్త గొలుసును అవే తినేస్తాయి. రెండు చక్రాలు, గొలుసు, కవర్ ప్యాకింగు, ముందు సీలు, లాక్ వాషర్లు అన్నీ తీసుకోండి.

కొత్త గొలుసును ఇంజన్ ఆయిల్‌లో నానబెట్టండి. మార్కులు ఎదురెదురుగా ఉండేలా రెండు చక్రాలనూ గొలుసులో అమర్చి, మొత్తాన్ని ఒకేసారి కీల మీదికి ఎక్కించండి. స్కేలు ఆనించి చూస్తే రెండు చక్రాల ముఖాలూ ఒకే సమంలో ఉండాలి. తేడా ఉంటే షిమ్ములు అందుకే. కామ్ నట్టు బిగించి టెన్షనర్ వదలండి. ఇప్పుడు హ్యాండిల్‌తో ఇంజన్‌ను రెండు పూర్తి చుట్లు తిప్పండి. మార్కులు మళ్లీ ఎదురెదురుగా నిలవాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా విప్పి మళ్లీ పెట్టండి. ‘ఒక్క పన్నేగా, డిస్ట్రిబ్యూటర్‌తో సర్దుదాం’ అనే సలహా ఎవరైనా ఇస్తే వారికి టీ ఇప్పించి పంపండి. వాల్వులను డిస్ట్రిబ్యూటర్‌తో సర్దలేరు.

కవర్‌ను కొత్త సీలుతో పెట్టి బోల్టులు వదులుగా ఉంచండి. సీలుకు గ్రీజు రాసి పుల్లీని దూర్చండి, పుల్లీయే సీలును మధ్యకు తెచ్చుకుంటుంది. ఆ తర్వాతే బోల్టులు బిగించాలి. ముందుగా బిగిస్తే సీలు ఒక వైపు ఒరిగి నెలలోపే ఆయిల్ కారుతుంది. పుల్లీ నట్టును సుమారు 70 అడుగు-పౌండ్ల బిగువుకు బిగించి లాక్ వాషర్ మడవండి.

పని అయిపోయిందనుకుని చాలామంది ఇక్కడ ఆగిపోతారు. గొలుసు వదులైన కొద్దీ ఎవరో ఒక మెకానిక్ డిస్ట్రిబ్యూటర్‌ను కొంచెం కొంచెం ముందుకు తిప్పి లాగుడు తెప్పించి ఉంటాడు. ఇప్పుడు గొలుసు బిగువైంది, ఆ పాత సర్దుబాటు అలాగే ఉంటే నిప్పురవ్వ మరీ తొందరగా పడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని ఇంజన్ కొట్టుకుంటుంది, కొత్త గొలుసు మంచిది కాదని మీరు తిట్టుకుంటారు. డిస్ట్రిబ్యూటర్ పాయింటు సందు 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) చూసి, టైమింగ్ మొదటి నుంచి పెట్టుకోండి. ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి సందు, కూడా చూసుకోండి. మొదటిసారి స్టార్ట్ చేయగానే కొన్ని సెకన్లు గలగలమంటుంది, టెన్షనర్‌కు ఆయిల్ అందగానే ఆగుతుంది.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ డీజిల్ కొన్నాను. పొద్దున స్టార్ట్ చేస్తే చైన్ చప్పుడు వస్తోంది. వీడియో చూసి ఇంట్లోనే మార్చుకుందామనుకుంటున్నాను. మీ అభిప్రాయం?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: వద్దు. పై జవాబు చదివి ధైర్యం తెచ్చుకోకండి. మీది ఫియట్ 1248 సీసీ ఇంజన్. దానిలో మీరు అంబాసిడర్‌లా గుంట మార్కులు చూసి పెట్టుకోలేరు, క్రాంకునూ కామ్‌షాఫ్టులనూ బిగించి పట్టే ప్రత్యేక పనిముట్లు కావాలి. తప్పుగా కూర్చితే పిస్టన్లు వాల్వులను కొడతాయి, అప్పుడు గొలుసు ఖర్చు గుర్తు కూడా రాదు. జాతీయ రహదారి పక్కనే ఉన్నారు, ఈ ఇంజన్ ఎరిగిన షెడ్డు వెతుక్కోవడం మీకు కష్టం కాదు. చప్పుడు పెరుగుతుంటే వాయిదా వేయకండి. కొన్నాక ఆయిల్ మార్చారా? పాత యజమాని ఆయిల్ మార్పు ఆలస్యం చేస్తూ వచ్చి ఉంటే ఈ గొలుసు తొందరగా అరుగుతుంది, టెన్షనర్ కూడా ఆయిల్ బలంతోనే పనిచేస్తుంది. సరైన గ్రేడు ఆయిల్, కొత్త ఫిల్టరు వేయించి చప్పుడు విని, తర్వాత షెడ్డుకు వెళ్లండి.

ప్రశ్న: అన్నగారూ, మా మారుతి 800కు చైన్ ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి? ఎప్పుడూ చప్పుడు రాలేదు.
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: రాదమ్మా, అందులో గొలుసు లేదు. రబ్బరు బెల్టు ఉంది. గొలుసు అరుగుతున్నానని ముందే గోల చేస్తుంది, బెల్టు చెప్పకుండా తెగుతుంది. తెగిందంటే బండి అక్కడే ఆగిపోతుంది. బండితో వచ్చిన పుస్తకంలో రాసిన కిలోమీటర్లకు మార్పించండి. తక్కువగా తిరిగే బండి అయినా రబ్బరుకు వయసు ఉంటుంది. ఎప్పుడు మార్చారో ఇంట్లో ఎవరికీ తెలియకపోతే ఇప్పుడే మార్పించండి. బెల్టుతో పాటు దాన్ని బిగించే టెన్షనర్ చక్రాన్నీ తిప్పి చూడమనండి. గరగరమంటే అదీ మార్చాలి. క్రాంకు సీలు నుంచి ఆయిల్ కారుతుందేమో కూడా చూడమనండి, ఆయిల్ తగిలితే కొత్త బెల్టు కూడా ఎక్కువ కాలం నిలవదు. మార్చిన తేదీ, కిలోమీటర్లు కాగితం మీద రాసి బానెట్ లోపలి వైపు అతికించండి.