ఈదా, ఈతా, ఖర్జూరమా?

సందేహం: మా దిక్కు 'ఈదు చెట్టు' అంటాం. మా అబ్బాయి వ్యాసంలో అట్లాగే రాస్తే పంతులుగారు 'ఈత' అని దిద్దారు. నిఘంటువులో చూస్తే ఈతకు 'ఖర్జూరము' అని అర్థమిచ్చారు. ఏది సరి? – ఒక పాఠకుడు, మిర్యాలగూడ

సమాధానం: మీ ఊళ్లోనే ఈదులగూడ ఉండగా ఈ దిద్దుబాటు ఎందుకు వచ్చిందో! ఈఁత, ఈఁదు రెండూ పాత రూపాలే. ఆ అరసున్న ఒకనాటి నిండుసున్నకు ఆనవాలు. తమిళంలో 'ఈందు' ఇప్పటికీ ఉంది. గీత కార్మికుల నోట నిలిచిన మాటను 'మాండలికం' అని పక్కన పెట్టడం మన బడులకు పట్టిన పాత జబ్బు. నీళ్లలో ఈత 'ఈఁదు' ధాతువుది, పశువుల ఈత 'ఈను' ధాతువుది. ఈ చెట్టుతో వాటికి చుట్టరికం లేదు.

ఇక ఖర్జూరం. ఈదు, ఖర్జూరం రెండూ వృక్షశాస్త్రంలో ఫీనిక్స్ అనే ఒకే ప్రజాతివే అయినా చెట్లు వేరు. ఈదు మన నేల చెట్టు, సాధారణంగా ఒంటి మాను. తాటికి గెల గీస్తారు. ఈదుకు మొవ్వు కింద మానునే చెక్కి లొట్టి కడతారు. ఏటేటా గీత వైపు మారుస్తారు గనుక మాను పొడవునా గంట్లు పడి వంకర టింకరగా కనిపిస్తుంది. పండులో గింజే ఎక్కువ, గుజ్జు పలచన. అరబ్బు దేశాల ఖర్జూరం మొదట్లో పిలకలు వేస్తుంది, దాన్ని పండు కోసమే పెంచుతారు. తమిళులు దాన్ని 'పేరీచ్చు', అంటే పెద్ద ఈదు అన్నారు. ఎంత చక్కని మాట! మనమూ 'పేరీదు' అనుకోవచ్చు.

సంస్కృతం ఇంత తేడా పాటించినట్టు లేదు. అమరకోశం తృణద్రుమాల్లో, అంటే గడ్డి తీరు చెట్లలో, ఖర్జూరాన్నీ ఖర్జూరినీ చేర్చింది. గజేంద్రమోక్షంలో త్రికూటపు అడవిని వర్ణిస్తూ పోతన 'కోవిదార ఖర్జూర నారికేళ' అంటూ ఊపిరి తిప్పుకోనివ్వని వచనం నడిపాడు. ఆ 'ఖర్జూర' మన ఈదే అనుకోవడానికి నా మొగ్గు. అయితే అది పాలకడలి నడుమ కొండ, అక్కడ ఏ చెట్టయినా మొలవవచ్చు, పట్టుబట్టను.

పట్టుబట్టేది ఇప్పటి రాతల విషయంలో. ఇంగ్లీషులో 'వైల్డ్ డేట్ పామ్' అని చదివి 'అడవి ఖర్జూరం' అని రాస్తున్నారు. ఇంటి ముందు ఈదు పెట్టుకుని ఈ అనువాదం దేనికి? పెళ్లిలో కుడుకలతో పెట్టేది ఖర్జూరం, కల్లు ఇచ్చేది ఈదు. గ్రాంథికం రాసేవారు 'ఈఁత' అంటే నాకు అభ్యంతరం లేదు. మీ అబ్బాయి 'ఈదు'కు మాత్రం ఎర్రసిరా పెట్టవద్దని పంతులుగారికి నా మాటగా చెప్పండి.