ఇంగ్లీష్‌లో ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ అర్థం కావాలంటే ముందు ఆ గైడ్ పక్కన పెట్టండి

"నిర్వచనాలన్నీ కంఠతా వచ్చు, కానీ ఇంగ్లీష్ వ్యాసమో వార్తో చదివేటప్పుడు ఫిగర్ ఆఫ్ స్పీచ్ ఎక్కడుందో పట్టుకోలేకపోతున్నాను, ఏం చేయాలి?" అని అడిగారు. పోటీ పరీక్షలకి చదువుతున్నానని కూడా రాశారు.

సిమిలీ, మెటఫర్ గురించి మీరు అసలు టెన్షన్ పడక్కర్లేదు. ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష, అతిశయోక్తి అంటూ బళ్లో లక్షణం రాసి, ఉదాహరణ రాసి, సమన్వయం కూడా రాసి వచ్చినవాళ్లం. ఎవడో సింహంలా పోరాడాడని ఇంగ్లీష్‌లో రాసినా మనకి ఇట్టే తెలిసిపోతుంది. మనల్ని నిలువునా ముంచేది వేరే ఉంది. బ్రిటిష్ వాళ్లు ఎంత పెద్ద విషయాన్నైనా బాగా తగ్గించి చెప్తారే, అదీ. గైడ్లేమో అండర్‌స్టేట్‌మెంట్ (తగ్గించి చెప్పడం), లైటోటీస్ (వ్యతిరేకమైన మాటకి 'కాదు' తగిలించి చెప్పడం) అని చివర్లో రెండు లైన్లు రాసి చేతులు దులుపుకుంటాయి.

నేను మాదాపూర్‌లో ఒక కంపెనీలో చేసేటప్పుడు మా క్లయింట్ లండన్‌లో ఒక ఇన్సూరెన్స్ సంస్థ. రాత్రింబవళ్లు కూర్చుని డిజైన్ డాక్యుమెంట్ తయారుచేసి పంపాం. శుక్రవారం సాయంత్రం జవాబొచ్చింది. మా మేనేజర్ గారు లేచి నిలబడి అందరికీ వినపడేలా చదివారు. "వెరీ ఇంట్రెస్టింగ్ అప్రోచ్. నాట్ క్వైట్ వాట్ వి హ్యాడ్ ఇన్ మైండ్. ఐ హావ్ జస్ట్ ఎ ఫ్యూ మైనర్ కామెంట్స్." మొదటి వాక్యానికే చప్పట్లు మొదలవడంతో, మేం అడిగింది ఇది కాదు అనే రెండోది ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆయన ఆ మెయిల్ మీద 'క్లయింట్ ఈజ్ డిలైటెడ్' అని రాసి పైవాళ్లకి ఫార్వర్డ్ చేసేశారు. బిర్యానీ కూడా వచ్చేసింది. "సార్, ఆ రెండో లైన్ ఇంకోసారి చూడండి" అన్నాను. "నీకు ప్రతిదాంట్లో నెగటివే కనిపిస్తుంది బాబూ, ముందు తిను" అన్నారు.

సోమవారం ఆ 'మైనర్ కామెంట్స్' ఫైల్ తెరిచాం. ప్రతి పేజీ పక్కనా పైనుంచి కిందిదాకా బెలూన్లే. ఒకదాంట్లో "ఐ యామ్ నాట్ ష్యూర్ ఐ ఫాలో" అని ఉంది. ఆ పెద్దమనిషికి అర్థం కాక కాదు, మేం రాసినదానికి తలా తోకా లేదని. ఇంకోచోట "ఎ బ్రేవ్ చాయిస్" అని, అంటే ఇంత తెలివితక్కువ పని ఎలా చేశారని ఉంటే, అది తను రాసిన భాగమేనని మా జూనియర్ కుర్రాడు మురిసిపోయి స్క్రీన్‌షాట్ తీసి వాళ్ల నాన్నకి పంపుకున్నాడు. చివరి పేజీలో "పర్హాప్స్ వి మైట్ రీవిజిట్ ది ఓవరాల్ డిజైన్?" అని ఉంది, ప్రశ్నార్థకం పెట్టి మరీ. అడిగాడు కదా అని మా మేనేజర్ గారు "నో నీడ్ సర్, వి ఆర్ కాన్ఫిడెంట్" అని టైపు చేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాల్సొచ్చింది. ఆ వాక్యానికి అర్థం, మొత్తం చెత్తబుట్టలో వేసి మళ్లీ మొదలుపెట్టండని. ఆ సంక్రాంతికి మా టీమ్‌లో ఎవరూ ఊరెళ్లలేదు.

వాళ్లకి ఇది మర్యాద. కంపెనీ మెయిళ్లలోనే అనుకోకండి, ప్రాణం మీదికొచ్చినా అంతే. 1982 జూన్ 24న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి జావా దగ్గర గాలుంగుంగ్ అగ్నిపర్వతం బూడిదలోకి దూరి నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. కెప్టెన్ ఎరిక్ మూడీ మైకు తీసుకుని ఏమన్నాడంటే, మనకో చిన్న సమస్య వచ్చింది, నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి, మీరు మరీ కంగారు పడటం లేదనుకుంటాను అని! 37 వేల అడుగుల ఎత్తు నుంచి జారుకుంటూ వచ్చి, 13 వేల ప్రాంతంలో ఇంజన్లు మళ్లీ అందుకున్నాక జకార్తాలో దిగారు. అందరూ క్షేమం. మన దగ్గరైతే ఆ మైకులోంచి ముందు ఏడుకొండలవాడి పేరే వినపడేది.

1951లో కొరియా యుద్ధంలో ఇమ్జిన్ నది దగ్గర కథ మాత్రం అలా ముగియలేదు. చైనా సేనలు చుట్టుముడుతుంటే బ్రిటిష్ బ్రిగేడియర్ టామ్ బ్రోడీ తన పై అమెరికన్ జనరల్‌తో "థింగ్స్ ఆర్ ఎ బిట్ స్టికీ" అన్నాడని, కాస్త ఇబ్బందేలే, నెట్టుకొస్తున్నారని ఆ జనరల్ అనుకున్నాడని చెప్తారు. ఆ బ్రిగేడియర్ కింద ఉన్న గ్లోస్టర్స్ పటాలంలో చాలామంది శత్రువుకి చిక్కారు. ఇద్దరిదీ ఇంగ్లీషే, అయినా అర్థం కాలేదు. మీకు అర్థం కాలేదంటే సిగ్గుపడాల్సిందేమీ లేదు.

కాబట్టి నిర్వచనాలతో వెతక్కండి. మాట్లాడేది ఎవరు, ఎవరితో, విషయం ఎంత పెద్దది అని చూడండి. ఇల్లు తగలబడుతుంటే 'ఎ బిట్ వార్మ్' అన్నాడంటే అనుమానించండి. గోదావరి జిల్లాల వాళ్లకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. మా అత్తగారిది అమలాపురం వైపు. పదకొండింటికి లేచిన మా బావమరిదితో "అప్పుడే లేచేశావేంట్రా నాయనా, ఇంకాసేపు పడుకోలేకపోయావా" అంటారు. వాడు ఐరనీ (అనేది ఒకటి, అర్థం దానికి ఎదురు) అనే మాట వినకపోయినా ఒక్క గెంతులో పెరట్లో ఉంటాడు. "వాడు మామూలోడు కాదు" అని మీరూ రోజూ అంటూనే ఉంటారు, అదీ లైటోటీసే.

వార్తల్లో తగిలే ఇంకోటి మెటానమీ, అంటే ఒకదాని పేరు బదులు దానితో సంబంధం ఉన్న ఇంకోదాని పేరు వాడటం. "డౌనింగ్ స్ట్రీట్ స్పందించలేదు" అంటే వీధి స్పందించలేదని కాదు, బ్రిటన్ ప్రధాని కార్యాలయం. 'గాంధీభవన్‌లో అసంతృప్తి' అని మన పేపర్లో చదివి భవనానికి కోపమొచ్చిందని ఎప్పుడైనా అనుకున్నారా? నాలుగు రోజులు విదేశీ వార్తల పేజీ తిరగేస్తే అదే అలవాటవుతుంది.

నాకు ఒళ్లు మండేది ఆ 'రోజుకో ఫిగర్ ఆఫ్ స్పీచ్' వాట్సాప్ పోస్టర్లు చూసినప్పుడు. ముందూ వెనకా లేని ఒక్క వాక్యం ఇచ్చి, ఇది ఐరనీనా కాదా అంటారు. ఎవరు ఎవరితో అన్నారో చెప్పకుండా అది పొగడ్తో, పొగడ్తలా కనిపించే తిట్టో (వ్యాజస్తుతి) ఎలా తెలుస్తుంది, నా తలకాయ!

ఇక పరీక్షలో బిట్ సంగతంటారా, అక్కడ వాళ్ల పద్ధతిలోనే పోండి. 'లైక్' గానీ 'యాజ్' గానీ పెట్టి పోలిస్తే సిమిలీ అని టిక్ పెట్టేయండి. పోలిక ఉందో లేదో మాత్రం చూసుకోండి. మా మేనల్లుడు 'ఐ లైక్ మ్యాంగోస్' కి కూడా సిమిలీ అని పెట్టి, రీవాల్యుయేషన్‌కి ఫీజు కట్టమని వాళ్లమ్మ ప్రాణం తీశాడు.