చెన్నైలో పిల్లలతో సాయంత్రాలు: ఏ ఆట కొనాలి, ఎవరితో ఆడాలి

సందేహం: విజయవాడ నుంచి చెన్నై వచ్చి మూడు నెలలైంది. నావలూరులో అపార్ట్‌మెంట్. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఆరు. స్కూల్ నుంచి రాగానే ఇద్దరూ ఫోన్ పట్టుకుంటారు. అందరం కలిసి ఆడుకునే తేలికైన ఆటలు ఏం కొనాలి? ఎంత ఖర్చు పెట్టొచ్చు? మాకు ఇక్కడ ఇంకా ఎవరితోనూ పరిచయాల్లేవు.

జవాబు:

ఖర్చు సంగతి ముందే చెప్పేస్తానమ్మా. ఒక సుద్దముక్క, నాలుగు గవ్వలు, దోసెడు చింతపిక్కలు ఉంటే చాలు. పెద్ద పెద్ద డబ్బాలేవీ కొనకండి. మీరు చివర్లో రాసిన ముక్క ఉంది చూడండి, పరిచయాల్లేవని, నాకు దాని గురించే దిగులుగా ఉంది. ఫోన్ అలవాటు నెమ్మదిగా మాన్పించొచ్చు. ఊరుగాని ఊళ్లో నలుగురూ తలుపేసుకుని బతకడం మాత్రం ఒకసారి అలవాటైతే ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.

మేం ఒంగోలు నుంచి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. అప్పుడు మా అమ్మాయి రెండో తరగతి, బాబు ఎల్‌కేజీ. మావారు అంబత్తూరులో పనిచేసేవారు, ఇంటికి వచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. పిల్లలు బిక్కుబిక్కుమంటున్నారని ఓ పెద్ద షాపుకెళ్లి ఖరీదైన వ్యాపారం ఆట కొనుక్కొచ్చాం. దొంగనోట్లు, ఇళ్లు, హోటళ్లు, చీట్ల నిండా ఇంగ్లిషు. ఆట తెమిలేసరికి రెండు గంటలు పట్టేది. బాబుకు చదవడం రాదు, ప్రతి చీటీ అక్కే చదివి చెప్పాలి, అది కావాలనే తప్పు చదువుతోందని వాడు ఏడుపు. భోజనాల వేళకు సగం ఆటలో బోర్డు ఎత్తేయాల్సి వచ్చేది. నెల తిరక్కుండానే డబ్బా అటక ఎక్కింది. ఆట అరగంటలో ముగియాలి, చదివే పని ఉండకూడదు, చిన్నవాడు కూడా గెలిచే వీలుండాలి అని అప్పుడే తెలిసింది.

అంతకంటే పెద్ద పొరపాటు ఇంకోటి జరిగింది. ఇంటిల్లిపాదీ కలిసి గడపడమంటే మేం నలుగురమే అనుకున్నాం. ఆదివారం తెలుగు చానెల్, రెండు రోజులు సెలవొస్తే ఒంగోలు రైలు. పైనా కిందా ఎవరున్నారో తెలుసుకోలేదు. తమిళం రాదన్న బెరుకు ఒకటి. ఏడాది గడిచాక, పుట్టినరోజుకు ఎవర్ని పిలుద్దామంటే మా అమ్మాయి ఒక్క పేరూ చెప్పలేకపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తలుపు తెరుచుకున్నది ఒక నవంబరు వానలో. చెన్నైలో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కదా, స్కూళ్లకు సెలవిచ్చారు, కరెంటు పోయింది. కింది ఇంటి పాట్టి (తమిళంలో బామ్మను అలాగే అంటారు) మెట్ల మీద దీపం పెట్టుకుని పల్లాంగుళి చెక్క ముందేసుకుని కూర్చుంది. మా పిల్ల చూసి “అమ్మా, వామనగుంటలు!” అని పరుగెత్తింది. వాళ్ల నాయనమ్మ దగ్గర ఆడిన ఆటే మరి. పాట్టి ఒక్క మాటా అడగకుండా ఎదురుగా చోటు చూపించింది. ఏడు గుంటలు ఇటు, ఏడు అటు, గుంటకు ఐదేసి గింజలు. ఒక గుంటలోవి తీసి వరసగా ఒక్కొక్కటీ వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోయాక పక్క గుంట ఖాళీగా ఉంటే, దాన్ని వేలితో తుడిచి ఆ తర్వాతి గుంటలోవి సొంతం చేసుకోవచ్చు. పాట్టి తుడిచినప్పుడల్లా గాజులు చెక్కకు తగిలి చప్పుడయ్యేది, మా అమ్మాయి కూడా అలాగే చేయి తిప్పి తుడవడం నేర్చుకుంది. నాలుగు గింజలు పోగైతే ‘పసు’ అని పాట్టి అనేది, ఆ గుంట ఎవరిదైతే గింజలు వాళ్లవి. కరెంటు వచ్చినా ఇద్దరూ లేవలేదు. మర్నాడు పాట్టి మనవరాలు మా ఇంటికొచ్చింది. ఈ రోజు మా అమ్మాయి తమిళం వింటే ఒంగోలు పిల్ల అని ఎవరూ అనుకోరు.

అందుకే ఆట ఎంచుకునేటప్పుడు మీ పిల్లల వయసుతో పాటు పక్కింటివాళ్లకు వచ్చా రాదా అన్నది కూడా చూడండి. మన పాత ఆటలు చాలావరకు వాళ్లకూ వచ్చు. నియమాలు వీడియోల్లో బోలెడున్నాయి, నేను మళ్లీ మొత్తం రాయను. ఊరికో తీరు ఉంటుంది కాబట్టి మొదలుపెట్టే ముందు ఏ పద్ధతో మాట్లాడుకోండి.

మీ ఇంటికి మొదట అష్టాచెమ్మా. నేల మీద ఐదు అడ్డం, ఐదు నిలువు గళ్లు గీయండి. ఒక్కో వైపున మధ్య గడి ఒక్కొక్కరి ఇల్లు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు. అన్నీ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. రెండింటికీ మళ్లీ వేయొచ్చు. ఒక్క కాయనైనా చంపితేగాని లోపలి గళ్లలోకి వెళ్లనివ్వరు, అక్కడే చిన్నపిల్లల ఏడుపంతా. మీ బాబును కొన్నాళ్లు ఎవరైనా పెద్దవాళ్లతో జట్టు కట్టండి, గవ్వలు వాడు వేస్తే కాయ వాళ్లు జరుపుతారు. ఇక్కడివాళ్ల తాయం కూడా ఇంచుమించు ఇదే, ఇత్తడి పాచికలతో ఆడతారు. నలుగురి ఆట కాబట్టి మీవారు ఆలస్యంగా వచ్చే రోజున నాలుగో చోటు ఖాళీగా ఉంటుంది. ఎదురింటి పిల్లను పిలవడానికి అంతకంటే మంచి వంక దొరకదు.

ఇద్దరే ఉన్నప్పుడు పులి-మేక. మూడు పులులు, పదిహేను మేకలు. పులులు బాబుకివ్వండి, మేకల్ని దూకి తినడం ఆ వయసుకు భలే సరదా. మేకలతో పులిని కట్టేయడానికి ఓపిక కావాలి, అది మీ పాపకు మంచిది.

చదరంగం వద్దని కాదు. గుకేశ్ చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగింటి పిల్లాడే, 2024 డిసెంబరులో సింగపూర్‌లో పద్దెనిమిదేళ్లకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అప్పట్నుంచి మనవాళ్లు చాలామంది ఊళ్లో దిగీదిగగానే పిల్లల్ని కోచింగ్‌లో చేర్చేస్తున్నారు. పిల్లకు ఇష్టమైతే చేర్పించండి. కానీ అది ఇద్దరి ఆట, మిగిలిన ఇద్దరూ మళ్లీ ఫోన్ తీస్తారు. సాయంత్రానికి క్యారమ్స్ నయం, నలుగురూ నాలుగు పక్కలా కూర్చోవచ్చు.

ఒక జాగ్రత్త. గుంటల ఆటకు ఎర్రగా ముద్దుగా ఉంటాయని గురివింద గింజలు తెచ్చుకోకండి, నమిలి మింగితే విషం. చింతపిక్కలు కడిగి ఎండబెట్టుకుంటే చాలు. మూడేళ్లలోపు పిల్లలు ఇంటికొస్తే అవి కూడా తీసి పైన పెట్టండి, గొంతులో అడ్డం పడతాయి.

ఇప్పుడొచ్చేవాళ్లకు సరుకులన్నీ పది నిమిషాల్లో గుమ్మంలోకి వస్తున్నాయి, పక్కింటి తలుపు తట్టే అవసరమే రావడం లేదు. మా రోజుల్లో తోడుకు మజ్జిగ లేకపోయినా వెళ్లి అడగాల్సిందే, ఆ రకంగానైనా నాలుగు మాటలు పడేవి. మీరు పని కల్పించుకుని వెళ్లాలి. తమిళం సరిగ్గా రాదని ఆగకండి, గవ్వలు వేయడానికి భాష అంతగా అక్కర్లేదు. నవరాత్రికి ఎవరైనా బొమ్మల కొలువు చూడటానికి పిలిస్తే పిల్లల్ని తీసుకుని తప్పకుండా వెళ్లండి. సుండల్, అంటే మన గుగ్గిళ్లే, తిని, తాంబూలం తీసుకుని వచ్చేటప్పుడు “ఆదివారం మా ఇంటికి పిల్లల్ని పంపండి” అని చెప్పి రండి.

ఆపైన వైకుంఠ ఏకాదశి ఉండనే ఉంది, డిసెంబరులోనో జనవరిలోనో వస్తుంది. ఆ రాత్రి జాగారానికి ఇక్కడ చాలా ఇళ్లలో పరమపదం ఆడతారు, మన వైకుంఠపాళే. అంతా పాచిక ఎంత పడిందన్న దాని మీదే నడిచే ఆట కాబట్టి మీ బాబు పాట్టీలను కూడా ఓడించగలడు. పటం ముందే కొనిపెట్టుకోండి, ఆ రోజు ట్రిప్లికేన్ పార్థసారథి గుడి వైపు జనంలో పిల్లలతో తిరగలేరు. పై ఇంటివాళ్లకూ ఎదురింటివాళ్లకూ వారం ముందే చెప్పి ఉంచండి. మీవారిని మర్నాడు సెలవు పెట్టమనండి.