పక్షుల శిబిరానికి డబ్బు ఎవరిస్తారు?

ప్రశ్న: మేము అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఉంటున్నాం. మా అమ్మాయికి 15 ఏళ్లు. రెండేళ్లుగా పక్షులంటే ప్రాణం పెడుతోంది. వచ్చే వేసవిలో ఈశాన్య తీరాన ఉన్న మెయిన్ రాష్ట్రంలో హాగ్ ఐలాండ్ అనే దీవిలో జరిగే పక్షుల శిబిరానికి వెళ్తానంటోంది. ఫీజు, విమానం టికెట్టు, బైనాక్యులర్లు అన్నీ కలిపితే మాకు భారమే. మావారు హెచ్-1బి వీసా మీద, నేనూ అమ్మాయీ ఆయన మీద ఆధారపడినవాళ్లకిచ్చే హెచ్-4 మీద ఉన్నాం. మాలాంటి వాళ్లకు స్కాలర్‌షిప్ ఇస్తారా? ఆ డబ్బుతో కోడింగ్ నేర్పిస్తే మేలని మావారి అభిప్రాయం. అమ్మాయి నోటుపుస్తకంలో ఒక పేజీ ఫొటో పంపుతున్నాను.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం కన్నా ముందు ఆ పేజీయే చదివాను. డిసెంబరు సెలవుల్లో అమ్మమ్మగారింటికి వచ్చినప్పుడు, గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు గట్టున కూర్చుని రాసినది. ‘ఉదయం 7.10. ఎడమవైపు మూడో తుమ్మచెట్టు. గూడబాతు (పెలికాన్) గూళ్లు 6. ఒక పిల్ల తల్లి గొంతులోకి మెడదాకా దూరి తింటోంది.’ ఆ తర్వాత 6 కొట్టేసి 7 వేసి, పక్కన చిన్న అక్షరాలతో ‘ఒకటి ఆకుల వెనక ఉంది, మొదట చూడలేదు’ అని రాసుకుంది. ఆ కొట్టివేత చూసి నాకెంత సంతోషం కలిగిందో చెప్పలేను. పొరపాటును చెరిపేయకుండా దాని పక్కనే కారణం రాసే పిల్లలు అరుదు. స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్లు వెతికేది అలాంటి పిల్లలనే.

మీలాంటి వాళ్లకూ స్కాలర్‌షిప్ ఇస్తారు. అయితే ఎక్కువమంది తల్లిదండ్రులు శిబిరం నడిపే సంస్థను ఒక్కదాన్నే అడిగి, అక్కడ లేదంటే ఆగిపోతారు. ఈ రంగంలో డబ్బు ఎక్కువగా ఊళ్లలోని చిన్న క్లబ్బుల దగ్గర ఉంటుంది. ఆడుబాన్ అనే పక్షి సంరక్షణ సంస్థ స్థానిక శాఖలు, రాష్ట్ర పక్షి సంఘాలు చాలాచోట్ల ఏటా ఒకరిద్దరు పిల్లలను ఎంచుకుని తామే ఫీజు కడతాయి. అక్కడ పోటీ దేశమంతటితో కాదు, మీ చుట్టుపక్కల పిల్లలతోనే. కాబట్టి మొదట కొలంబస్‌లోని ఆడుబాన్ శాఖకు, తర్వాత ఒహాయో రాష్ట్ర సంఘాలకు, ఆఖరున శిబిరానికి రాయండి. మూడూ వేర్వేరు దరఖాస్తులు. శిబిరంలో సీటు, స్కాలర్‌షిప్ కూడా చాలాచోట్ల వేర్వేరే. ఒకటి వచ్చిందని రెండోది వచ్చినట్లు కాదు.

మీరు ఒహాయోలో ఉండటం మీ అమ్మాయి అదృష్టం. ఒహాయో యంగ్ బర్డర్స్ క్లబ్ 12 నుంచి 18 ఏళ్ల పిల్లల కోసం 2006 నుంచి నడుస్తోంది. మే నెలలో ఈరీ సరస్సు ఒడ్డున మేగీ మార్ష్ అనే చిత్తడి నేలలో వార్బ్లర్లనే చిన్న వలస పక్షులు చేతికందే ఎత్తులో కొమ్మల మీద వాలతాయి. వాటిని చూడటానికి దూరదూరాల నుంచి వస్తారు. ఆమెను వెంటనే ఆ క్లబ్బులో చేర్పించండి. సిఫారసు ఉత్తరం కోసమూ ఇది అవసరం. లెక్కల్లో తొంభై ఎనిమిది మార్కులు వచ్చాయని బడి టీచరు రాసే ఉత్తరం కన్నా, చలిలో మూడు గంటలు ఆమెతో నడిచిన క్లబ్బు పెద్దమనిషి రాసే నాలుగు వాక్యాలకు బరువెక్కువ. ఆ పరిచయానికి నెలలు పడుతుంది.

గడువుల విషయంలో అశ్రద్ధ చేయకండి. వేసవి శిబిరాల సీట్లు చాలామటుకు ముందు సంవత్సరం చివర్లోనే తెరుస్తారు. క్లబ్బుల గడువులు ఎక్కువగా శీతాకాలంలో పడతాయి. ఏప్రిల్‌లో అడిగితే అది మరుసటి ఏడాది మాటే.

వ్యాసం ఆమెనే రాయనివ్వండి. ఇది ప్రాధేయపడి చెబుతున్నాను. పెద్దవాళ్లు దిద్దిన వ్యాసాలన్నీ ‘పక్షులంటే నాకు చిన్నప్పటి నుంచీ ఎంతో ఇష్టం’ అనే మొదలవుతాయి. ఆమె తన ఆకుల వెనక గూడుతో మొదలుపెట్టాలి. హాగ్ ఐలాండ్‌కే ఎందుకు వెళ్లాలనుకుంటోందో కూడా సూటిగా రాయాలి. 1936లో మొదలైన ఆ శిబిరానికి దగ్గర్లోనే ఈస్టర్న్ ఎగ్ రాక్ అనే చిన్న దీవి ఉంది. వేటాడి వేటాడి అక్కడ పఫిన్లనే సముద్ర పక్షులు లేకుండా చేశారు. 1973లో స్టీఫెన్ క్రెస్ అనే పక్షి శాస్త్రవేత్త కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ నుంచి పఫిన్ పిల్లలను తెచ్చి, తవ్విన బొరియల్లో పెంచి సముద్రంలోకి వదిలాడు. పెద్దయ్యాక తిరిగి వచ్చేలా రాళ్ల మీద కొయ్య పఫిన్ బొమ్మలు నిలబెట్టాడు. 1981లో అవి మళ్లీ అక్కడ గూడు కట్టాయి. ఊరివాళ్లు కాపాడుకుంటున్న ఉప్పలపాడు గూళ్లను చూసిన పిల్లకు ఈ దీవి కథలో ఏమి కనిపిస్తుందో తెలుసుకోవాలని నాకే ఆత్రంగా ఉంది.

వీసా సంగతి. ప్రైవేటు క్లబ్బులు సాధారణంగా వయసు, ఆ ప్రాంతంలో నివాసం చూస్తాయి. పౌరసత్వం కావాలంటే నియమాల్లో రాస్తారు. స్పష్టంగా లేకపోతే రెండు వాక్యాల ఈమెయిల్‌తో అడగండి, మొహమాటపడవద్దు. శిబిరానికి నేరుగా కట్టే ఫీజు జీతం కాదు. కానీ తర్వాత ఎవరైనా భత్యమిచ్చి వేసవి పనికి పిలిస్తే, హెచ్-4 మీద ఉన్న పిల్లలకు పని చేసే అనుమతి ఉండదని గుర్తుంచుకోండి. అక్కడ న్యాయవాదిని అడగందే అడుగు వేయకండి.

మీవారికి ఏమి చెప్పాలని మీరు అడగలేదు, అయినా చెబుతాను. శిబిరానికి వెళ్తే పెద్ద కాలేజీలో సీటు వస్తుందని నేను మాట ఇవ్వను, ఎవరైనా ఇస్తే నమ్మకండి. కాకపోతే పక్షులా, కోడింగా అని తేల్చుకోవలసిన పనే లేదు. 2002లో మొదలైన ఈబర్డ్ అనే పక్షుల లెక్కల వెబ్‌సైటులో ప్రపంచం నలుమూలల నుంచి జనం పంపిన కోట్ల లెక్కలున్నాయి. వాటిని జల్లెడ పట్టడానికి ప్రోగ్రామింగ్ కావాలి. ఫోనులో కూత విని పక్షి పేరు చెప్పే మెర్లిన్ యాప్ వెనక ఉన్నది మెషిన్ లెర్నింగే. మీవారు ఒక ఆదివారం అమ్మాయి పక్కన కూర్చుని, ఆమె లెక్కలను కంప్యూటర్‌లో గ్రాఫుగా గీయడం నేర్పితే ఇద్దరికీ బాగుంటుంది.

బైనాక్యులర్లు ఇప్పుడే కొనకండి. క్లబ్బులో అరువు అడగండి, శిబిరంలోనూ అడగండి. ఈ శనివారం ఉదయం మీ దగ్గర్లో క్లబ్బు నడక ఎక్కడుందో చూసి ఆమెను తీసుకెళ్లండి. ఆ నోటుపుస్తకం మరచిపోకుండా సంచిలో పెట్టండి.