గడువు తీరిన ఫిల్మును కొత్తదని అమ్మితే ఫిర్యాదు చేయవచ్చా?

ప్రశ్న: సరదాకొద్దీ పాత కెమెరాతో ఫిల్ము మీద ఫొటోలు తీస్తుంటాను. ఒక షాపింగ్ సైట్‌లో ‘ఫ్రెష్ స్టాక్’ అని పెట్టిన 35 ఎం.ఎం. కలర్ రోళ్లు ఐదు కొని, మూడింటిని మా చెల్లెలి పెళ్లిలో వాడాను. కడిగించి చూస్తే బొమ్మలన్నీ మసకగా, రంగులు మారిపోయి ఉన్నాయి. మిగిలిన డబ్బాల మీద తేదీ ఉన్నచోట స్టిక్కరు అంటించి ఉంది. ఒకదాని అంచు లేచి, కింద 2019 కనిపిస్తోంది. ‘గడువు తీరిన ఫిల్మును కోరి వాడేవాళ్లున్నారు, అయినా మా బాధ్యత రోలు మార్చి ఇచ్చేవరకే’ అంటున్నాడు అమ్మకందారు. నేనేం చేయాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అమ్మకందారు మొదటి మాటలో కొంత నిజముంది. డబ్బా మీది తేదీ, ఆలోపు వాడి కడిగిస్తే నాణ్యత సరిగా ఉంటుందని తయారీదారు ఇచ్చే సూచన మాత్రమే. ఆహార, ఔషధ చట్టాలు ఫిల్ముకు వర్తించవు. ఏళ్లు గడిచేకొద్దీ ఫిల్ము వేగం (వెలుతురును పట్టే శక్తి) తగ్గి, ఫాగ్ (వెలుతురు సోకకున్నా ఏర్పడే మసక) పెరుగుతుందని తెలిసినవారు పదేళ్లకు ఒక స్టాప్ చొప్పున, అంటే రెట్టింపు చొప్పున, వెలుతురు ఎక్కువిచ్చి తీస్తారు. అలా తెలిసి కొన్నవారు తరువాత ఫిర్యాదు చేస్తే నిలవదు. మీ విషయంలో తప్పు పాత ఫిల్ము అమ్మడంలో లేదు, పాతదన్న సంగతి దాచడంలో ఉంది. పాత సరుకును కొత్తదని చెప్పి అమ్మడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించరాదు. ‘రోలు మార్చి ఇస్తాం’ అన్న షరతు సాధారణంగా తయారీ లోపాలకు తయారీదారు పెట్టుకునేది. తేదీ మీద స్టిక్కరు అంటించినవారికి అది రక్షణ కాదు.

కాబట్టి మీ చేతిలోని బలమైన సాక్ష్యం ఫొటోలు కాదు, ఆ డబ్బాలు. స్టిక్కరును మీరు పీకవద్దు. లేచిన అంచు, బ్యాచ్ నంబరు స్పష్టంగా కనబడేలా వీడియో తీసి, విప్పని రెండు రోళ్లనూ తేమ తగలని సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. ప్రకటన పేజీ స్క్రీన్‌షాట్లు, బిల్లు, అమ్మకందారుతో నడిచిన సంభాషణ భద్రపరచండి. ఆ పేజీ రేపటికి మారిపోవచ్చు.

ఎక్స్‌పోజరు (ఫిల్ముకు మీరు ఇచ్చిన వెలుతురు) తప్పనో, ల్యాబ్ తప్పనో, ఎండలో కారులో ఉంచారనో ఎదుటిపక్షం తప్పక వాదిస్తుంది. నెగెటివ్‌లో ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య వెలుతురు సోకని చోటు కూడా మామూలు కంటే నల్లగా ఉంటే, అది మీ ఎక్స్‌పోజరు లోపం కాదని చెప్పవచ్చు. ఆ రోజు అదే రసాయనాల్లో కడిగిన ఇతర రోళ్లు బాగానే వచ్చాయని ల్యాబ్ నుంచి లిఖితపూర్వకంగా తీసుకుంటే, రెండో వాదనకూ జవాబు దొరుకుతుంది.

ముందుగా ఆ సైట్ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారికి రాయండి. 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలిపి, నెలలోపు పరిష్కరించాలని ఆ ఈ-కామర్స్ నిబంధనలే చెబుతున్నాయి. ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పి చూడవచ్చు, లేదా అమ్మకందారుకు నోటీసు ఇచ్చి గుంటూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. అమ్మకందారు ఎక్కడివాడైనా, మీరు నివసించే చోట వేసే హక్కు వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 34 ఇస్తోంది. చెల్లించిన ధర 5 లక్షల లోపు గనుక రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరీ కాదు.

రోళ్ల ధర, కడిగించిన ఖర్చు తిరిగి రావడానికి మంచి అవకాశముంది. పెళ్లి ఫొటోలు పోయినందుకు మనోవేదన కింద పరిహారం అడగండి, కానీ లక్షల్లో అడిగితే కేసు మీద నమ్మకం తగ్గుతుంది. పెళ్లికి వేరే ఫొటోగ్రాఫరు కూడా ఉన్నారా అన్నది కమిషన్ తప్పక చూస్తుంది. అదే చట్టంలోని సెక్షన్ 69 ప్రకారం, ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి కేసు వేయడానికి రెండేళ్లు గడువు. వివాదానికి తావులేకుండా కొన్న తేదీ నుంచే లెక్క వేసుకోండి.